తొమ్మిదో తరగతి పదార్థ వర్గీకరణ కిట్: గాజుసామాను సరే, సీసాల్లో సరుకు సంగతేంటి?

శుద్ధ పదార్థాలు, మిశ్రమాల పాఠానికి కావలసిన ప్రయోగాలన్నీ ఒకే పెట్టెలో అంటూ ఆన్‌లైన్‌లో అమ్ముతున్న కిట్ ఇది. అవే గాజు ముక్కలు, అవే చిన్న సీసాలు, అవే కార్డులు నాలుగైదు పేర్లతో తిరుగుతున్నాయి కాబట్టి ఫలానా కంపెనీ అని రాయడం లేదు. లోపలి జాబితా చూస్తే మీకే తెలిసిపోతుంది: మూడు బీకర్లు, ఆరు పరీక్షనాళికలు, ఒక గరాటు, ఒక వేర్పాటు గరాటు, పింగాణీ గిన్నె, స్పిరిట్ దీపం, ముక్కాలి పీట, వలతెర, వడపోత కాగితాలు, దండాయస్కాంతం, ఎర్ర లేజర్, థర్మామీటరు, ఆరు రసాయనాల సీసాలు, నలభై వర్గీకరణ కార్డులు, ఒక చిన్న పుస్తకం. ధర రెండు వేలకు అటూ ఇటూ.

ముందే చెప్పేస్తే, మొత్తం మీద ఐదుకు మూడు మార్కులు. గాజుసామాను వరకైతే నాలుగు ఇవ్వొచ్చు. కార్డులకు రెండు, రసాయనాలకు ఒకటి. శుద్ధం అంటే ఏమిటో పిల్లలకు చూపించాల్సిన పెట్టెలో శుద్ధమైన సరుకే లేదు. ఇందులో ప్రయోగం తప్పిన ప్రతిచోటా వెనక్కి వెళ్ళి చూస్తే కారణం దాదాపు అదే: నూనె పట్టిన ఇనుప రజను, బోరు నీళ్ళు, వంటింటి ఉప్పు.

గాజు దగ్గర మొదలుపెడదాం. బీకర్లు వేడికి తట్టుకునే బోరోసిలికేట్ గాజువే, అంచులు నున్నగా ఉన్నాయి, దీపం మీద పెడితే పగల్లేదు. పరీక్షనాళికలు మాత్రం మెత్త గాజువి. నీళ్ళు కాచడానికి ఫరవాలేదు గానీ ఇనుము, గంధకం కాల్చడానికి పనికిరావు. వలతెర మధ్యలో తెల్లటి పూత సిరామిక్‌ది. పాత స్టాకు అమ్మే చోట ఆస్‌బెస్టాస్ పూత తెరలు ఇంకా కనిపిస్తుంటాయి, అలాంటిది వస్తే వాడకుండా తిప్పి పంపండి.

గరాటుకీ వడపోత కాగితానికీ పొత్తు కుదరలేదు. గరాటు నోరు 5 సెం.మీ., కాగితం 11 సెం.మీ. గుండ్రం. అరవై డిగ్రీల గరాటులో నోటి వెడల్పు ఎంతో గోడ పొడవూ అంతే, అంటే 5 సెం.మీ. పదకొండు సెం.మీ. కాగితాన్ని నాలుగు మడతలు వేసి శంకువు చేస్తే దాని గోడ 5.5 సెం.మీ. వస్తుంది. అర సెంటీమీటరు పైకి లేచి నిలబడుతుంది. పిల్లలు దాని అంచు దాకా పోస్తారు, తడిసిన అంచు వంగి ఇసుక పక్కనుంచి బీకర్లోకి జారుతుంది. 9 సెం.మీ. కాగితం విడిగా కొనుక్కోవడమో, ఉన్నదాన్ని చుట్టూ సెంటీమీటరు కత్తిరించుకోవడమో చేయాలి. శంకువును ముందు నాలుగు చుక్కల నీళ్ళతో తడిపి గోడకు అంటించి, గరాటు కాడను బీకరు లోపలి గోడకు ఆనించి, కాగితం అంచుకు సెంటీమీటరు కిందే పోత ఆపేస్తే ఇసుక ఉప్పు నీళ్ళ ప్రయోగం ఏ ఇబ్బందీ లేకుండా అవుతుంది. ఈ నాలుగు మాటలు పుస్తకంలో లేవు. "వడపోయండి" అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నారు. కాగితం మీద మిగిలిన ఇసుకను ఒకటి రెండు సార్లు కొద్ది నీళ్ళతో కడగాలన్న సంగతీ లేదు. కడక్కపోతే ఆరాక ఇసుక ఉప్పగానే ఉంటుంది, వేరుచేసినట్టే కాదు.

ఒకదానిలో ఒకటి కలవని ద్రవాలను విడదీసే వేర్పాటు గరాటు 125 మి.లీ.ది. కుళాయి తెల్లటి టెఫ్లాన్‌ది కావడం మంచిదైంది, గాజు కుళాయైతే వాజిలైన్ రాయాల్సి వచ్చేది. కిరోసిన్ వాడమని పుస్తకం చెబుతోంది. కిరోసిన్ ఇప్పుడు చాలా ఊళ్ళలో దొరకడమే గగనం, దొరికినా దీపం పక్కన అక్కర్లేదు. 40 మి.లీ. నీళ్ళు, 40 మి.లీ. పొద్దుతిరుగుడు నూనె పోయండి. నూనె సాంద్రత 0.92 దగ్గర ఉంటుంది కాబట్టి పైకి తేలుతుంది. నీళ్ళలో ఒక చుక్క ఫుడ్ కలర్ వేస్తే గీత స్పష్టంగా కనిపిస్తుంది. కింద కుళాయి తిప్పినా ధార రాకుండా ఆగిపోయిందంటే పైన బిరడా తీయలేదని అర్థం, ఫిర్యాదుల్లో సగం ఇవే. ఇంకొకటి, గరాటును గిన్నెల సబ్బుతో కడిగి సరిగా తొలచకపోతే ఊపగానే తెల్లటి ఎమల్షన్ (నూనె బిందువులు నీళ్ళలో చెదిరిన పాలలాంటి ద్రవం) అయిపోయి గంట గడిచినా విడిపోదు. అర చెంచా ఉప్పు వేసి మెల్లగా తిప్పితే చాలావరకు విడిపోతుంది.

స్పిరిట్ దీపం ఒత్తి బాగుంది. స్పిరిట్ మాత్రం కొరియర్‌లో పంపరు కాబట్టి మీరే తెచ్చుకోవాలి. మెడికల్ షాపుల్లో దొరికే సర్జికల్ స్పిరిట్ చాలు. పెయింట్ షాపులో థిన్నర్ తెచ్చి పోయకండి, నల్లటి పొగతో బీకర్లన్నీ మసిబారిపోతాయి, పైగా ప్రమాదం. దీపాన్ని మూడింట రెండొంతులకు మించి నింపకూడదు. ఆర్పేటప్పుడు ఊదకుండా మూత పెట్టాలి.

ఇక అసలు ప్రయోగం. ఇనుము, గంధకం కలిపితే మిశ్రమం, కలిపి కాలిస్తే సమ్మేళనం. పాఠం మొత్తానికి ఆయువుపట్టు ఇదే, కిట్ చేతులెత్తేసింది కూడా ఇక్కడే.

సీసాలో ఉన్న ఇనుప రజను లేత్ మిషన్ చెత్తలాంటిది. ముక్కలు పెద్దవి, నూనె అంటుకుని ఉంది. చిటికెడు తీసి నీళ్ళలో వేస్తే పైన రంగురంగుల పొర తేలింది. ఇలాంటి రజను గంధకంతో సరిగా చర్య జరపదు. పెద్ద ముక్క పైపొర మాత్రమే ఐరన్ సల్ఫైడ్ అవుతుంది, లోపల ఇనుము ఇనుముగానే ఉంటుంది. కాల్చాక అయస్కాంతం పెడితే టక్కున అంటుకుంటుంది. "సమ్మేళనంలో ఇనుము గుణాలు పోతాయి" అని రాసిన బోర్డు పక్కనే ముద్ద అయస్కాంతానికి వేలాడుతుంటే పిల్లవాడు ఏం రాసుకోవాలి?

గంధకం పరిస్థితి ఇంకో రకం. నీళ్ళ మీద చల్లితే శుద్ధ గంధకం తడవదు, పసుప్పచ్చటి పొరలా తేలుతుంది. మిరప తోటలకు, ద్రాక్షకు బూడిద తెగులు మందుగా కొట్టే నీటిలో కలిసే గంధకమైతే వెంటనే విచ్చుకుని పాలలా కలిసిపోతుంది. అందులో గంధకం 80 శాతమే, మిగతాదంతా తడిపేవి, చెదరగొట్టేవి. ఈ కిట్‌లోని పొడి తేలింది గానీ అడుగున బూడిద రంగు మడ్డి దిగింది. ఊళ్ళో ఎరువుల కొట్టు దగ్గరుందని అక్కడి ప్యాకెట్ తెచ్చి దీనికి బదులు వాడేద్దామనుకుంటే మాత్రం ఈ పరీక్ష చేసి చూడండి.

కొలత విషయానికి వస్తే, ఐరన్ సల్ఫైడ్‌లో ఇనుము, గంధకం బరువుల నిష్పత్తి 7:4. పుస్తకం 5 గ్రాముల ఇనుము, 3 గ్రాముల గంధకం తీసుకోమంది. నిష్పత్తి దాదాపు సరిపోతుంది, గంధకం చిటికెడు ఎక్కువే, అదీ మంచిదే. కానీ ఎనిమిది గ్రాములను ఒకే మెత్త గాజు నాళికలో కాల్చమనడం తప్పు. చర్య మొదలయ్యాక అది తనంతట తాను వేడి పుట్టిస్తుంది. దీపం తీసేసినా ఎర్రటి కాంతి ముద్ద పొడవునా పాకుతూ పోతుంది. అంత ముద్ద ఉంటే నాళిక అడుగు మెత్తబడి సాగుతుంది, లేదా పగులుతుంది.

పనిచేసే పద్ధతి ఇది. సన్నటి ఇనుప పొడి, ఎల్.ఆర్. గ్రేడుది (అంటే ప్రయోగశాలల్లో వాడే రకం), విడిగా కొనండి. 1.4 గ్రాముల ఇనుము, 0.8 గ్రాముల గంధకం చాలు. దశాంశం ఒక స్థానం చూపించే జేబు తూకం సరిపోతుంది. కాగితం మీద వేసి, కాగితం అంచులు ఒకటి మార్చి ఒకటి ఎత్తుతూ కలపాలి. రోట్లో నూరకూడదు. నూరితే ఇనుము గంధకపు రేణువుల్లో కూరుకుపోతుంది, అప్పుడు అయస్కాంతం గంధకాన్ని కూడా లాక్కొస్తుంది, మిశ్రమం వేరుకావడం లేదనిపిస్తుంది. ముందు మిశ్రమం పరీక్ష: అయస్కాంతాన్ని పలచటి ప్లాస్టిక్ కవరులో పెట్టి దగ్గరకు తెస్తే ఇనుము కవరుకు పడుతుంది, కవరు తిరగేస్తే రాలిపోతుంది. కవరు లేకుండా పెడితే ఆ అయస్కాంతం నుంచి పొడి మళ్ళీ ఊడదు.

తర్వాత కాల్చడం. బోరోసిలికేట్ చిన్న నాళికలో మిశ్రమం వేసి, మూతి దగ్గర ఖనిజ ఉన్ని వదులుగా కుక్కాలి. అది లేకపోతే గంధకం ఆవిరి మూతి దగ్గర నీలిమంటతో అంటుకుని సల్ఫర్ డయాక్సైడ్ ఘాటు గదంతా నిండుతుంది. పైగా గంధకం అలా తగలబడిపోతే ఇనుము మిగిలిపోతుంది, మళ్ళీ అయస్కాంతం కథ మొదటికొస్తుంది. నాళికను ఏటవాలుగా పట్టి అడుగున ఒకేచోట వేడి చేయాలి. స్పిరిట్ దీపంతో కాస్త ఆలస్యమవుతుంది, గ్యాస్ బర్నర్ ఉంటే త్వరగా అంటుకుంటుంది. ఎర్రదనం కనిపించగానే మంట తీసేయండి, ఆ ఎరుపు తనంతట తాను పైకి పాకడమే పిల్లలు చూడాల్సింది. పూర్తిగా చల్లారాక గుడ్డలో చుట్టి నాళికను పగలగొట్టి ముద్ద తీయాలి. నల్లగా, పెళుసుగా ఉంటుంది. ఇంత జాగ్రత్తగా చేసినా కొద్దిపాటి ఆకర్షణ మిగలొచ్చు, ఆ మాట ముందే చెప్పేయడం మేలు.

పుస్తకంలో దీని తర్వాత కార్బన్ డైసల్ఫైడ్‌తో కడగమని ఉంది. ఆ ద్రవం సున్నాకు ముప్పై డిగ్రీల దిగువనే మండే ఆవిరినిస్తుంది, సుమారు 90 డిగ్రీల వేడి తగిలితే మంట లేకుండానే అంటుకుంటుంది, పైగా విషం. దీపం వెలిగించే బల్ల మీద దాని పేరు కూడా ఉండకూడదు. ఆ పేరా కొట్టేయండి. ఆమ్ల పరీక్ష చాలు: సజ్జగింజంత ముద్దకు 2 మి.లీ. సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం, ఆరుబయట. ఉత్త మిశ్రమానికి వాసన లేని హైడ్రోజన్ బుడగలు వస్తాయి, ఐరన్ సల్ఫైడ్‌కు కుళ్ళిన గుడ్డు వాసన వస్తుంది. ఆ హైడ్రోజన్ సల్ఫైడ్ విషవాయువు, వాసన తెలియగానే నీళ్ళు గుమ్మరించి ఆపేయాలి. మరుగుదొడ్డి కడిగే ద్రవంతో చేద్దామనుకోవద్దు, అందులోని నురుగు పదార్థాల వల్ల బుడగలు వాయువు వల్ల వచ్చాయో నురుగు వల్ల వచ్చాయో తేలదు.

లేజర్ ప్రయోగం చూడ్డానికి తేలిక, తప్పడానికి ఇంకా తేలిక. పూర్తిగా కరిగిన ద్రావణంలో కాంతి దారి కనిపించదు, కంటికి కనిపించని సన్నటి రేణువులు తేలాడే కొల్లాయిడ్‌లో కనిపిస్తుంది, పెద్ద రేణువులున్న అవలంబనం కాసేపటికి అడుగుకు దిగుతుంది. పుస్తకం చెప్పినట్టు కాపర్ సల్ఫేట్, అంటే మన మైలుతుత్తం, కుళాయి నీళ్ళలో కలిపి లేజర్ వేస్తే దారి చక్కగా కనిపిస్తుంది! ద్రావణం కాస్తా కొల్లాయిడ్ అయిపోయిందేమిటని కంగారు పడక్కర్లేదు. బోరు నీళ్ళలోని బైకార్బనేట్లతో కలిసి కాపర్ కార్బనేట్ లాంటి లేత నీలి మడ్డి సన్నగా ఏర్పడుతుంది, కాంతిని చెదరగొట్టేది అదే. స్వేదన జలం వాడి, రెండు చుక్కల సజల సల్ఫ్యూరిక్ ఆమ్లం వేస్తే ద్రావణం తేటగా నిలుస్తుంది. అప్పుడు ఇంకో ఇబ్బంది: నీలి ద్రావణం ఎర్ర కాంతిని పీల్చేసుకుంటుంది, లేజరు సగంలోనే మందగిస్తుంది. దారి కనిపించకపోవడం చెదరకపోవడం వల్లనా, పీల్చేయడం వల్లనా? చూపించదలుచుకున్నదానికి ఇది సరైన ఉదాహరణే కాదు. పంచదార వాడండి.

ఉప్పు వాడొచ్చు కదా అంటే, వంటింటి ప్యాకెట్ ఉప్పుతోనూ ఇదే పేచీ. అయోడైజ్డ్ ఉప్పులో పొటాషియం అయొడేట్ ఉంటుంది, అది కరిగిపోతుంది, దానితో గొడవ లేదు. జలజలా రాలడానికి కలిపే గడ్డకట్టనివ్వని పదార్థాల్లో కొన్ని నీళ్ళలో కరగవు, ద్రావణం లీలగా మసకబారుతుంది. చినగంజాం ఉప్పు మడుల నుంచి వచ్చే కల్లుప్పులో మట్టి రేణువులుంటాయి, మెగ్నీషియం క్లోరైడ్ ఉంటుంది. వర్షాకాలంలో డబ్బాలో ఉప్పు చెమ్మగిల్లేది ఈ మెగ్నీషియం క్లోరైడ్ వల్లనే. ఏదైనా సరే, కలిపి వడపోసి వాడితే సమస్య చాలావరకు తీరుతుంది. కిట్ సీసాలో "సోడియం క్లోరైడ్" అని రాసి ఉన్నది కూడా కలపగానే మసకగానే ఉంది. పేరు మార్చిన వంటింటి ఉప్పని అనుమానం.

స్వేదన జలం ఎక్కడ దొరుకుతుందంటే, బ్యాటరీ షాపులో. ఇన్వర్టర్ బ్యాటరీలకు పోసే నీళ్ళ సీసా. లేబుల్ చదివి మరీ కొనండి, పక్కనే బ్యాటరీ యాసిడ్ కూడా అవే డబ్బాల్లో పెడతారు.

కొల్లాయిడ్‌కు పాలు వాడమన్నారు, ఎంతో చెప్పలేదు. చెంచా పోస్తే నీళ్ళంతా తెల్లబడి గీత ఉండాల్సిన చోట ఎర్రటి మబ్బు కనిపిస్తుంది. 100 మి.లీ. నీళ్ళకు ఒక్క చుక్క పాలు, అంతే. లేదా పలచటి గంజి ఒక చెంచా. గంజి వడపోత కాగితంలోంచి దాటిపోయి కూడా కాంతి దారి చూపిస్తుంది కాబట్టి కొల్లాయిడ్ రేణువులు ఎంత చిన్నవో పిల్లలకు పట్టుబడుతుంది. అవలంబనానికి ముగ్గుపిండి చాలు. పక్కనుంచి చూడాలి, వెనక నల్ల కాగితం పెట్టాలి, అప్పుడే పట్టిన నీళ్ళలో గాలి బుడగలుంటాయి కాబట్టి పావుగంట నిలవనివ్వాలి. లేజర్ మీద 5 మిల్లీవాట్ల లోపు అని రాసి ఉంది. పిల్లల చేతికిచ్చేది 1 మిల్లీవాటు దాటకూడదు. బీకరు గాజు మీద పడి వెనక్కి మళ్ళే చుక్క ఎవరి కళ్ళవైపు పోతుందో వెలిగించేముందే చూసుకోండి.

థర్మామీటరు సున్నాకు పది దిగువ నుంచి 110 డిగ్రీల దాకా ఉంది. మంచు ముక్కలు, నీళ్ళు కలిపిన గ్లాసులో పెడితే సున్నా దగ్గరే నిలిచింది, మంచిదే. దీనితో పుస్తకం చెప్పే పరీక్ష మాత్రం తెలంగాణలో చాలామందిని పక్కదారి పట్టిస్తుంది. "నీరు 100 డిగ్రీల వద్ద మరిగితే శుద్ధం" అట. హైదరాబాదు సముద్రమట్టానికి దాదాపు 540 మీటర్ల ఎత్తున ఉంది, అక్కడ శుద్ధమైన నీళ్ళు 98 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. విజయవాడలో దాదాపు వందకు వస్తాయి. 100 మి.లీ. నీళ్ళలో 10 గ్రాముల ఉప్పు వేస్తే మరిగే ఉష్ణోగ్రత సుమారు 1.7 డిగ్రీలు పెరుగుతుంది. అంటే హైదరాబాదులో ఈ పరీక్ష పెడితే స్వేదన జలం తప్పుతుంది, ఉప్పు నీళ్ళు దాదాపు వంద చూపించి పాసవుతాయి.

చూడాల్సింది అంకె కాదు, అంకె నిలకడ. స్వేదన జలం పది నిమిషాలు మరిగినా థర్మామీటరు అంకె కదలదు. ఉప్పు నీళ్ళు మరుగుతున్నకొద్దీ చిక్కబడి ఉష్ణోగ్రత మెల్లమెల్లగా ఎక్కుతూ పోతుంది. దీన్ని రెండు నిమిషాలకొకసారి రాయించి గ్రాఫు గీయిస్తే కిట్ మొత్తంలో ఇంతకంటే మంచి ప్రయోగం లేదు. ఇందుకూ ఒక మినహాయింపు ఉంది, పై తరగతుల పిల్లలకు చెప్పొచ్చు: బరువులో 95.6 శాతం ఆల్కహాలు, మిగతా నీళ్ళు ఉన్న మిశ్రమం 78.2 డిగ్రీల దగ్గర నిలకడగా మరుగుతుంది. ఒకేచోట మరిగినంత మాత్రాన శుద్ధ పదార్థం అయిపోదు. మామూలు స్వేదనంతో నూటికి నూరు శాతం ఆల్కహాలు రాకపోవడానికి కారణమూ అదే.

నలభై కార్డులు. ఒకవైపు బొమ్మ, రెండోవైపు జవాబు. ఆలోచన బాగుంది. మూలకం, సమ్మేళనం, సజాతీయ మిశ్రమం (అంతటా ఒకేలా ఉండేది), విజాతీయ మిశ్రమం (అలా ఉండనిది) అని నాలుగు డబ్బాల్లో వేయాలి. అచ్చు, లామినేషన్ కూడా గట్టివే. జవాబుల్లోనే బొక్కలున్నాయి.

ఇత్తడిని సమ్మేళనం అన్నారు. రాగి, జింకు ఏ నిష్పత్తిలోనైనా కలపొచ్చు, కొన్ని ఇత్తళ్ళలో రాగి 60 శాతం, కొన్నింట్లో 70. నిష్పత్తి మారగలిగితే అది మిశ్రమమే. నగ బొమ్మ వేసి "బంగారం, మూలకం" అని రాశారు. నగ మీద 916 గుర్తు ఉంటే అందులో 91.6 శాతమే బంగారం, తక్కినది రాగి, వెండి లాంటివి. నగ మిశ్రమం, 24 క్యారెట్ల బిస్కెట్టును లెక్కకు మూలకం అనొచ్చు. పాలు సజాతీయమట. కంటికి అలా కనిపిస్తాయి నిజమే, కానీ ఇదే పెట్టెలోని లేజర్ ఆ కార్డును తప్పని తేలుస్తుంది, కొవ్వు బిందువులు నీళ్ళలో తేలాడే కొల్లాయిడ్ అది. తరగతిలో ఆ కార్డు తీసేయకండి, లేజర్ ప్రయోగం తర్వాత పిల్లల చేతే దిద్దించండి. మినరల్ వాటర్ సీసాను శుద్ధ పదార్థం అని రాయడమైతే మరీ అన్యాయం, సీసా మీదే లవణాల పట్టిక ఉంటుంది. తాగే నీళ్ళలో లీటరుకు 500 మిల్లీగ్రాముల దాకా లవణాలు ఉండొచ్చని మన భారతీయ ప్రమాణమే చెబుతోంది. అలాంటి నీళ్ళు 50 మి.లీ. పింగాణీ గిన్నెలో ఇగరబెడితే 25 మిల్లీగ్రాముల తెల్లటి మరక మిగులుతుంది, కంటికి బాగానే ఆనుతుంది.

అన్నిటికంటే సూక్ష్మమైన తప్పు మైలుతుత్తం కార్డులో ఉంది. నీలి స్ఫటికాన్ని "కాపర్ సల్ఫేట్, నీరు కలిసిన మిశ్రమం" అన్నారు. వేడి చేస్తే నీళ్ళు పోయి తెల్లబడుతుంది కాబట్టి అలా అనిపించడం సహజమే. కానీ ఆ నీళ్ళు ఎప్పుడూ ఒకే పాళ్ళలో ఉంటాయి, ఒక్కో కాపర్ సల్ఫేట్‌కు అయిదు నీటి అణువులు, బరువులో 36 శాతం. ఏ ఊరిలో కొన్నా, ఏ పద్ధతిలో చేసినా అంతే. నిష్పత్తి మారదు కాబట్టి అది సమ్మేళనం. పక్కన తడిసిన మైలుతుత్తం పొడి పెడితే అది మిశ్రమం, ఆ రెంటికీ తేడా అడిగితే తొమ్మిదో తరగతిలో ఎవరికి అర్థమైందో వెంటనే తెలిసిపోతుంది. ఇంత మంచి కార్డును చేజేతులా పాడుచేశారు.

స్ఫటికీకరణానికి ఈ మైలుతుత్తం సీసా పనికొస్తుంది, మలినాలున్నాయి కాబట్టే పనికొస్తుంది. 25 గ్రాములను 30 మి.లీ. వేడి స్వేదన జలంలో, రెండు చుక్కల సజల సల్ఫ్యూరిక్ ఆమ్లంతో కరిగించి, వేడి మీదే వడపోయాలి. గాజుకడ్డీ ముంచి తీసి ఊదితే కొసన చిన్న స్ఫటికాలు కనబడిన క్షణాన మంట ఆపేయాలి. పొడి అయ్యేదాకా ఇగరబెట్టమని పుస్తకం, అలా చేస్తే తెల్లటి పొడి, గిన్నెకు అంటిన మాడు మిగులుతాయి. కాగితం కప్పి రాత్రంతా కదపకుండా ఉంచితే సగానికి అటూ ఇటూ నీలి స్ఫటికాలుగా వస్తుంది, మలినాలు పైన ద్రవంలో ఉండిపోతాయి. వాడిన ద్రవాన్ని చెరువులో, కాలువలో పారబోయకండి, చేపలకు విషం. పటికతో చేద్దామంటే పొటాష్ పటికే కావాలి, నీళ్ళు తేర్చడానికి అమ్మే దిమ్మల్లో చాలావరకు ఉత్త అల్యూమినియం సల్ఫేట్ ఉంటుంది, దానికి మంచి స్ఫటికాలు రావు.

క్రొమాటోగ్రఫీకి, అంటే కాగితం మీద నీళ్ళు పాకుతుంటే సిరాలోని రంగులను విడదీయడానికి, ఇచ్చిన కాగితం పట్టీలు బాగున్నాయి. నల్ల స్కెచ్ పెన్ వాడండి. జెల్ పెన్ సిరాలో చాలావాటిలో రంగు రేణువులుగా ఉంటుంది, నీళ్ళతో కదలదు. పర్మనెంట్ మార్కర్‌కు స్పిరిట్ కావాలి. గీత పెన్సిల్‌తో అడుగు నుంచి 2 సెం.మీ. పైన గీయాలి, నీటిమట్టం ఆ గీతకు కిందే ఉండాలి. చుక్క 2 మిల్లీమీటర్లకు మించకుండా పెట్టి, ఆరాక అదేచోట మళ్ళీ పెట్టాలి. పట్టీ గాజుకు తగలకూడదు.

ఉత్పతనానికి, అంటే ఘనపదార్థం ద్రవం కాకుండానే ఆవిరి కావడానికి, ఉప్పు, అమ్మోనియం క్లోరైడ్ ఇచ్చారు. గిన్నె మీద బోర్లించిన గరాటు, కాడలో దూది, గరాటు మీద తడిగుడ్డ: పని జరుగుతుంది, లోపలి గోడకు తెల్లటి పొర కడుతుంది. సీసాలోని పొడి చెమ్మగిల్లి ఉంటే చిటపటలాడి గిన్నెలోంచి ఎగురుతుంది, ముందుగా ఎండలో ఆరబెట్టండి. నిక్కచ్చిగా చెప్పాలంటే అమ్మోనియం క్లోరైడ్ వేడికి అమ్మోనియా, హైడ్రోజన్ క్లోరైడ్ వాయువులుగా విడిపోయి చల్లని చోట మళ్ళీ కలుస్తుంది. భౌతిక మార్పుకు ఇది తిన్నని ఉదాహరణ కాదు. కర్పూరం మేలు, కానీ మంట చూపించకూడదు. బీకరు అడుగున రెండు బిళ్ళలు వేసి, పైన మంచు ముక్కలున్న గిన్నె మూతపెట్టి, బీకరును దీపం ఆర్పేసిన వేడినీళ్ళలో ఉంచితే మంచుగిన్నె అడుగున మెరిసే పలుకులు కడతాయి.

బడికి కొనేవాళ్ళైతే ఈ పెట్టె జోలికి పోకుండా, జిల్లా కేంద్రంలోని సైంటిఫిక్ సామాన్ల దుకాణంలో ఇవే గాజు వస్తువులు విడిగా తీసుకోవడం లాభం. రసాయనాలు ఎల్.ఆర్. గ్రేడువి, సీలు ఉన్న సీసాల్లో, 100 గ్రాముల చొప్పున తీసుకోండి. ఇంట్లో ఒక్క పిల్లకో పిల్లవాడికో అయితే పెట్టె కొనొచ్చు. సన్నటి ఇనుప పొడి, బ్యాటరీ షాపు స్వేదన జలం, 9 సెం.మీ. వడపోత కాగితం, బోరోసిలికేట్ చిన్న నాళికలు రెండు అదనంగా తెచ్చుకుంటే పై ప్రయోగాలన్నీ అవుతాయి. నిప్పు, ఆమ్లం ఉన్న చోట పెద్దవాళ్ళు పక్కన నిలబడాలి, కిట్‌లో కళ్ళద్దాలు లేవు, అవీ కొనాలి.

పెట్టె రాగానే వాపసు గడువు దాటకముందే మూడు పరీక్షలు చేయండి. వేర్పాటు గరాటులో నీళ్ళు నింపి కుళాయి మూసి పది నిమిషాలు గిన్నె మీద ఉంచండి, కింద చుక్క పడితే కుళాయి నట్టు పావు చుట్టు బిగించి మళ్ళీ చూడండి, అప్పటికీ కారితే మార్పించుకోండి. బీకర్లను వెలుతురుకు ఎత్తి అడుగు అంచు చుట్టూ వెంట్రుకంత పగుళ్ళు ఉన్నాయేమో చూడండి, దీపం మీద పెట్టాక విచ్చుకునేవి అవే. ఇనుప రజను చిటికెడు నీళ్ళలో వేయండి. నూనె తేలితే ఆ సీసా ఒక్కటీ మార్చి ఇమ్మని అడగండి, ఫొటో పంపితే కొందరు అమ్మకందార్లు కొత్తది పంపుతారు, అదే రజను ఇంకో సీసాలో పంపేవాళ్ళూ ఉంటారు.